అక్టోబరు 1 : మన కర్నూలు తేదీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. బడిలో ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు రాసే టీచర్లు, వక్తృత్వ పోటీకి పిల్లల్ని తయారుచేసే తల్లిదండ్రులు, గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు అందరూ దాదాపు అవే సందేహాలు అడుగుతారు. మా కర్నూలులో ఒక వీధి గ్రంథాలయం నల్లబల్ల మీద ఏళ్లుగా ఈ తేదీల సంగతులు రాస్తున్నాను. అడిగిన ప్రశ్నలను అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసింది ఎక్కడుంటే అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తేదీ సంగతి

అక్టోబరు 1 అంటే కర్నూలుకు ఎందుకంత ముఖ్యం?

1953 అక్టోబరు 1, గురువారం నాడు మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలు విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు దానికి రాజధాని. ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ స్వయంగా ఇక్కడికి వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది గవర్నరు, టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో భాష ఆధారంగా ఏర్పడిన మొదటి రాష్ట్రం ఇదే. ఇంత పెద్ద సంగతి మన ఊళ్లో జరిగింది కాబట్టి, ఆ రోజు బోర్డు మీద మొదటి వరుస దీనికే దక్కాలని నా పట్టుదల.

ఆంధ్రప్రదేశ్ పుట్టింది నవంబరు 1న కదా, మళ్లీ ఈ అక్టోబరు 1 ఏంటి?

రెండూ నిజమే, కానీ రెండూ ఒకటి కాదు. 1953 అక్టోబరు 1న ఏర్పడింది ‘ఆంధ్ర రాష్ట్రం’, రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం కలిసి ‘ఆంధ్రప్రదేశ్’ ఏర్పడింది, రాజధాని హైదరాబాదు. పేరు రాసేటప్పుడు తొందరపడితే ఇక్కడే తప్పు దొర్లుతుంది. ఒక ఏడాది నేనే ‘1953 అక్టోబరు 1 – ఆంధ్రప్రదేశ్ అవతరణ’ అని పెద్ద అక్షరాలతో రాశాను. పేపరు చదవడానికి రోజూ వచ్చే ఒక పెద్దాయన బోర్డు ముందు చాలాసేపు నిలబడి, నన్ను పిలిచి, “నాయనా, నేను ఆంధ్ర రాష్ట్రంలో బడికి పోయినోణ్ణి. దాని పేరు తీసేయొద్దు” అన్నారు. వెంటనే చెరిపి సరిగ్గా రాశాను. అప్పటినుంచి ఆ రెండు పేర్లూ పలికి చూసుకున్నాకే సుద్దముక్క పట్టుకుంటున్నాను.

కర్నూలు ఎన్నేళ్లు రాజధానిగా ఉంది? ఐదేళ్లని కొందరు, రెండేళ్లని కొందరు అంటున్నారు.

మూడేళ్ల ఒక నెల. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు లెక్కేస్తే 1127 రోజులు. 1956 లీపు సంవత్సరం కాబట్టి ఫిబ్రవరిలో ఒక రోజు ఎక్కువ కలిసింది. పిల్లలకు ఇష్టమైన ఒక ముచ్చట కూడా ఇందులో ఉంది. 1127 రోజులంటే సరిగ్గా 161 వారాలు. అందుకే కర్నూలు రాజధాని అయింది గురువారమే, హైదరాబాదు రాజధాని అయిందీ గురువారమే.

ఇంత చిన్న ఊరికి రాజధాని ఎలా వచ్చింది?

దీనికి మూలం 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంటి పేరే శ్రీబాగ్. కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. విడిగా రాష్ట్రం వస్తే కోస్తాదే పైచేయి అవుతుందని సీమవాళ్లకు భయం ఉండేది. ఆ భయం తీర్చడానికి నదీ జలాల్లో సీమకు ముందు వాటా, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం వంటి మాటలు ఒప్పుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి పోకూడదని, ఏది కావాలో కోరుకునే అవకాశం సీమదేనని కూడా అనుకున్నారు. రాష్ట్రం వచ్చినప్పుడు సీమ రాజధానిని కోరుకుంది. హైకోర్టు గుంటూరుకు వెళ్లి 1954 జులై 5న మొదలైంది. అంటే కర్నూలుకు రాజధాని ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, పదహారేళ్ల కిందట ఇచ్చిపుచ్చుకున్న మాట ప్రకారం వచ్చింది. పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పొట్టి శ్రీరాములు గారు చనిపోయిన రోజు కూడా అక్టోబరు 1నేనా?

కాదు. ఆయన మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ పార్లమెంటులో ప్రకటించారు. అక్టోబరు 1 బోర్డులో ఆయన పేరు తప్పకుండా ఉండాలి, అయితే వర్ధంతిగా కాదు, రాష్ట్రం రావడానికి కారణమైన మనిషిగా.

గుడారాల్లో ప్రభుత్వం నడిచిందంటారు, నిజమేనా లేక కథా?

నిజమే. రాజధానికి చాలినన్ని భవనాలు అప్పటి కర్నూలులో లేవు. ఉన్న ప్రభుత్వ భవనాలు సరిపోక ఆఫీసులకు, ఉద్యోగుల బసకు గుడారాలు వేశారు. అందుకే దీన్ని గుడారాల రాజధాని అన్నారు. ఎండాకాలంలో కర్నూలు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ ఉద్యోగుల కష్టం వేరే చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజులు గుర్తుంటే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. ఎవరు చెప్పారు, అప్పుడు వాళ్ల వయసెంత, ఏ పేటలో ఉండేవాళ్లు అన్న మూడు ముక్కలూ పక్కనే రాయండి. అవి లేకపోతే పదేళ్ల తర్వాత ఆ కాగితానికి విలువ ఉండదు.

మాది ఆదోని. మేము కర్నూలు జిల్లాలోకి వచ్చింది కూడా ఆ రోజేనంటారు?

అవును. అప్పటిదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. బళ్లారి పట్నంతో సహా మిగిలిన తాలూకాలు అదే రోజు మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. ఈ మూడు తాలూకాల బడుల్లో బోర్డు రాసేవాళ్లు ముందు దీన్నే రాయాలి. అక్కడి పిల్లలకు ఇది సొంత ఊరి చరిత్ర. ఇటు పెళ్లిళ్లు, అటు చుట్టాలు, నోట్లో రెండు భాషలు ఇప్పటికీ అక్కడ మామూలే.

ప్రకాశం గారి ప్రభుత్వం ఎంతకాలం ఉంది?

పదమూడు నెలలు. మద్యనిషేధం మీద వచ్చిన గొడవలో 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తర్వాత రాష్ట్రపతి పాలన, 1955లో ఎన్నికలు. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

## అదే తేదీన బయట జరిగినవి

ఒక్క కర్నూలు సంగతే రాస్తే బాగుండదు కదా, ప్రపంచంలో ఇంకేం జరిగాయి?

చాలానే ఉన్నాయి. 1949 అక్టోబరు 1న బీజింగులో మావో చైనా ప్రజా గణతంత్రాన్ని ప్రకటించారు. 1960లో నైజీరియాకు బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టీ కారు అమ్మకానికి వచ్చింది. మామూలు జనం కూడా కారు కొనుక్కునే కాలానికి అది తొలి అడుగు. 1958లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మొదలుపెట్టింది. బాగా వెనక్కి వెళ్తే క్రీ.పూ. 331లో అలెగ్జాండరు పారశీక చక్రవర్తి మూడో డరియస్‌ను గాగమేలా దగ్గర ఓడించాడు.

అంత పాత యుద్ధానికి తేదీ ఎలా తెలిసింది? ఊహించి రాశారా?

ఊహ కాదు. ఆ యుద్ధానికి పదకొండు రోజుల ముందు చంద్రగ్రహణం పట్టింది. గ్రహణాలను వెనక్కి లెక్కకట్టవచ్చు కాబట్టి, దాన్ని బట్టి తేదీ తేల్చారు. బాబిలోనియా జ్యోతిష్కులు మట్టిపలకల మీద రాసుకున్న రోజువారీ లెక్కలు కూడా అక్టోబరు 1నే చూపిస్తాయి. మన శాసనాల్లో గ్రహణం మాట ఉంటే చరిత్రకారులు సంబరపడేది ఇందుకే.

శేరు, వీశె పోయి కిలో వచ్చింది అక్టోబరు 1నే అని మా మామయ్య అంటాడు. కరెక్టేనా?

మీ మామయ్య చెప్పింది నిజమే. 1958 అక్టోబరు 1న దేశంలో మెట్రిక్ తూకాలు అమల్లోకి రావడం మొదలైంది. అయితే ఒక్క రోజులో దేశమంతా మారలేదు. ముందు కొన్ని ప్రాంతాల్లో, కొన్ని వ్యాపారాల్లో పెట్టి, తర్వాత కొన్నేళ్లకు అంతటా తప్పనిసరి చేశారు. అందుకే ‘ఈ రోజున వచ్చింది’ అని కాకుండా ‘ఈ రోజున మొదలైంది’ అని రాయండి. అణాలు పోయి నయాపైసలు వచ్చింది వేరే రోజు, 1957 ఏప్రిల్ 1. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మన దేశంలో మొదటి తపాలా బిళ్ల కూడా ఈ తేదీదేనా?

దేశమంతటా చెల్లే బిళ్లలు 1854 అక్టోబరు 1న వచ్చాయి. దూరంతో పనిలేకుండా బరువును బట్టి ఒకే ధర అన్న పద్ధతీ దాంతోనే వచ్చింది. కర్నూలు నుంచి ఉత్తరం మద్రాసుకు పోయినా కలకత్తాకు పోయినా అదే బిళ్ల. కానీ ‘భారతదేశపు మొట్టమొదటి’ అని మాత్రం రాయకండి. 1852లోనే సింధు ప్రాంతంలో చెల్లేలా ‘సిండే డాక్’ బిళ్లలు వేశారు. ‘దేశమంతటికీ మొదటిది’ అంటే సరిపోతుంది.

ఆ రోజు జరుపుకునే దినాలు ఏమున్నాయి?

ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన అంతర్జాతీయ వృద్ధుల దినం, మన దేశంలో జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. రెండూ అక్టోబరు 1నే.

## పుట్టినవాళ్లు, పోయినవాళ్లు

అక్టోబరు 1న పుట్టినవాళ్లలో మన తెలుగువాళ్లు ఎవరు?

అల్లు రామలింగయ్య. 1922 అక్టోబరు 1న పాలకొల్లులో పుట్టారు. ఆయన పేరు చెప్తే చాలు, పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. తమిళుడైనా మనకు పరాయివాడు కాని శివాజీ గణేశన్ 1928లో అదే తేదీన పుట్టారు. హిందీ పాటలు ఇష్టపడేవాళ్ల కోసం సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్, 1906. పాటల రచయిత మజ్రూహ్ సుల్తాన్‌పురి, 1919. పాట కట్టే మనిషి, పాట రాసే మనిషి ఒకే తేదీన పుట్టి, కలిసి ఎన్నో పాటలు చేయడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది.

అనీబిసెంట్ ఇంగ్లండు మనిషి కదా, మన సీమ బోర్డు మీద ఎందుకు?

ఆమె 1847 అక్టోబరు 1న లండనులో పుట్టారు నిజమే. కానీ రాయలసీమలో ఆమె పేరుతో నిలిచిన కాలేజీ ఉంది. మదనపల్లెలో 1915లో మొదలైన బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల అది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడ బస చేసినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆమె పెంచిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా మదనపల్లెలోనే. 1917లో కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన మొదటి మహిళ ఆమె. ‘విదేశీ మహిళ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

రాజకీయ నాయకుల్లో ఎవరున్నారు?

మన మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, 1945. పాకిస్తాన్ తొలి ప్రధాని లియాఖత్ అలీఖాన్, 1895. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, 1924. కార్టర్ నిండు నూరేళ్లు బతికి 2024 డిసెంబరు 29న పోయారు.

ఆ తేదీన చనిపోయినవాళ్లలో పిల్లలకు చెప్పదగ్గవాళ్లు ఎవరు?

నేనైతే ఇద్దర్ని తీసుకుంటాను. మనిషి పుట్టుక ఆఫ్రికాలో జరిగిందని చూపడానికి జీవితమంతా తవ్వకాల్లో గడిపిన లూయీ లీకీ 1972 అక్టోబరు 1న పోయారు. ఆయన గురించి చెప్పేటప్పుడు మన బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహల మాట కూడా ఎత్తండి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలెన్నో బయటికి తీశారు. తాతముత్తాతల ఆనవాళ్ల కోసం ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు, బస్సెక్కితే చాలని పిల్లలకు తెలుస్తుంది. ఇంకొకరు చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్, 2012. ఫ్రెంచి నాటక రచయిత పియెర్ కొర్నెయ్ 1684లో ఇదే తేదీన పోయారు.

జయంతి అనాలా, పుట్టినరోజు అనాలా?

బతికున్నవాళ్లకు పుట్టినరోజు, పోయినవాళ్లకు జయంతి. చనిపోయిన తేదీ వర్ధంతి. బతికున్న మనిషికి జయంతి అని రాస్తే వాళ్ల ఇంట్లోవాళ్లు చూసి బాధపడతారు. బోర్డు రాసే ముందు ఆ మనిషి ఉన్నారో లేదో ఆ ఏడాదికి మళ్లీ చూసుకోండి.

## సరిచూసుకోవడం

ఒక్కో పుస్తకంలో ఒక్కో తేదీ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?

ముందు ఆ సంగతి జరిగిన కాలానికి దగ్గరగా ఉన్న కాగితం చూడండి. ప్రభుత్వ గెజిట్, అప్పటి దినపత్రిక, శాసనం, ఉత్తరం లాంటివి. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటనే కట్టిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం, మన జిల్లా గ్రంథాలయాలు ఇందుకు పనికొస్తాయి. ఒక పుస్తకాన్ని చూసి రాసిన పది పుస్తకాలు పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. తేదీ తేలకపోతే ఆ వరుస వదిలేయండి. ఖాళీ ఉంటే వచ్చే నష్టమేమీ లేదు, తప్పు రాస్తే అది నలభైమంది పిల్లల నోట్‌బుక్కుల్లోకి వెళ్తుంది.

పాత పేపరులో 2వ తేదీ ఉంది, మీరేమో 1 అంటున్నారు?

పేపరు మీద ఉండేది అచ్చయిన తేదీ. అక్టోబరు 1న జరిగిన సభ వార్త మర్నాటి పేపరులో వస్తుంది. వార్త లోపల ‘నిన్న’, ‘ఈ రోజు’ అన్న మాటలు, పైన విలేకరి పంపిన తేదీ చూడండి. తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

కర్నూలు వరద అక్టోబరు 1నా, 2నా?

2009 సెప్టెంబరు చివర మొదలైన వానలకు తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచాయి. ఊరు మునిగిన రోజుగా అక్టోబరు 2నే రాయాలి. గాంధీ జయంతి కాబట్టి జనానికీ అలాగే గుర్తుంది. కొన్ని రోజుల పాటు సాగిన సంగతులకు ఒకే తేదీ బలవంతంగా అంటించకుండా, అది ఏ ఘట్టం తేదీయో ఒక మాట చేర్చండి. మొదటి అంతస్తు దాకా నీళ్లు చూసిన ఇళ్లవాళ్లు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. దీన్ని రాసేటప్పుడు చేయి కాస్త నెమ్మదించాలి.

అన్నమయ్య వర్ధంతి ఏటా ఒక్కో తేదీన వస్తుందేం?

ఆయన తిథిని బట్టి జరుపుతారు కాబట్టి. తాళ్లపాక అన్నమాచార్యులు పోయింది దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి. దాన్ని 1503 ఫిబ్రవరి 23గా లెక్కకట్టారు. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే, అధిక మాసం వచ్చి దాన్ని సర్దుతుంది. అందుకే ఇంగ్లీషు తేదీ ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. ఆలయాల్లో తిథి, బోర్డు మీద తేదీ. రెండూ రాస్తే గొడవ ఉండదు.

ఫిబ్రవరి 29న చనిపోయినవాళ్లను ఎప్పుడు తలుచుకోవాలి?

మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిదే ఆ తేదీ. 1883 సెప్టెంబరు 14న పుట్టి 1960 ఫిబ్రవరి 29న పోయారు. వందేమాతరం రోజుల్లోనే జైలుకు వెళ్లిన, గ్రంథాలయాల కోసం బతుకంతా తిరిగిన మనిషి. ఆయన్ని నాలుగేళ్లకోసారి తలుచుకుంటే చాలదు. నేను ఏటా ఫిబ్రవరి 28న రాసి, అసలు తేదీ పక్కనే వేస్తాను.

మా తాత సర్టిఫికెట్లో పుట్టిన తేదీ జులై 1 ఉంది. అది నిజమేనా?

చాలామంది పెద్దవాళ్లకు జూన్ 1, జులై 1 పుట్టిన తేదీలుగా ఉంటాయి. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియక అయ్యవారే ఒకటి వేసేవారు. ఇంట్లో జాతకం కాగితమో, ‘ఫలానా కరువు ఏడు, ఫలానా పండగ ముందు’ అన్న మాటో ఉంటే దాన్ని బట్టి అసలు తేదీ వెతకవచ్చు.

## బోర్డు మీదికి ఎక్కించేటప్పుడు

ఎన్ని సంగతులు రాయాలి?

ఐదారు చాలు. ఊరిదొకటి, రాష్ట్రానిదొకటి, దేశానిదొకటి, ప్రపంచానిదొకటి, పుట్టినవారొకరు, పోయినవారొకరు. ఇరవై రాస్తే ఎవరూ నిలబడి చదవరు.

ఊరి పేరు పక్కన పాత జిల్లా రాయాలా, కొత్త జిల్లానా?

2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు మారాయి. బేతంచెర్ల, కోయిలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన కోయిలకుంట్లను చూడాలనుకునే పిల్లవాడికి ఇప్పటి జిల్లా తెలియాలి. ‘ఇప్పటి నంద్యాల జిల్లా’ అని రాస్తే చాలు.

కడప, అనంతపురం బడుల్లో కూడా ఇలాంటి తేదీ ఒకటి ఉంటే చెప్పండి.

నవంబరు 16 తీసుకోండి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరిన రోజు. 1908లో పులివెందుల దగ్గర కొత్తపల్లిలో సినీ దర్శకుడు బి.ఎన్. రెడ్డి పుట్టిన రోజు. 1915లో లాహోరులో విప్లవకారుడు కర్తార్ సింగ్ సరాభాను ఉరితీసిన రోజు. అనంతపురం వాళ్లకు మే 19 కూడా ఉంది, 1913లో నీలం సంజీవరెడ్డి పుట్టినది.

అక్టోబరు 1 దసరా సెలవుల్లో పడితే ఏం చేయాలి?

చాలా ఏళ్లు అలాగే పడుతుంది. సెలవులకు ముందు చివరి పనిరోజున రాసి, పైన ‘రాబోయే అక్టోబరు 1’ అని తేదీ వేయండి. పిల్లలు సెలవులకు అవ్వాతాతల ఊళ్లకు పోతారు కాబట్టి కింద ఒక ప్రశ్న కూడా రాయండి: “కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు మీ ఇంట్లోవాళ్లు ఎక్కడ ఉండేవాళ్లు?” తిరిగి వచ్చాక జవాబులు అదే బోర్డు మీద వాళ్ల చేతనే రాయించండి.